కర్లీ హెయిర్ సాలీడు ఆడదానికి రెడ్ రంప్ మగదాన్ని కలిపితే తప్పేంటి?

ప్రశ్న ఇదీ: "నా దగ్గర కర్లీ హెయిర్ టరాంటులా ఆడది ఉంది. ఫ్రెండ్ దగ్గర రెడ్ రంప్ మగది ఉంది. పిల్లలు ఎలా వస్తాయో చూద్దామని పోయిన నెల రెండింటినీ ఒకసారి జత కలిపాం. టరాంటులాలు పెంచేవాళ్ళ గ్రూపులో ఆ మాట చెప్పేసరికి అందరూ మీద పడ్డారు. ఒంగోలు ఆవుకి జెర్సీ సూది వేయిస్తే ఎవరూ ఏమీ అనరు కదా, సాలీడు దగ్గరికి వచ్చేసరికి అది పాపం ఎందుకైంది? ఇప్పుడు నేనేం చేయాలి? మాది కావలి."

తమ్ముడూ, ఆవు సంగతి ఎత్తావు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. నా ఉద్యోగమే అది. గిద్దలూరు వైపు పశువైద్యశాలలో పనిచేస్తాను. ఎదకొచ్చిన ఆవులకి, గేదెలకి వీర్యం సూదులు వేయడం నా రోజువారీ పని. ఇంట్లో ఒక కర్లీ హెయిర్ ఆడది కూడా ఉంది. చెన్నైలో చదివేటప్పుడు రూమ్మేట్ విదేశానికి వెళ్తూ నాకు అప్పగించి పోయాడు. మా అమ్మ ఇప్పటికీ ఆ గది గుమ్మం దాటదు. అంచేత నీ ప్రశ్నలో ఉన్న రెండు వైపులూ నాకు తెలిసినవే.

సూది వేయబోయే ముందు నేను చేసే మొదటి పని, నైట్రోజన్ క్యాన్‌లోంచి తీసిన స్ట్రా మీద అక్షరాలు చదవడం. దాని మీద ఎద్దు నంబరు ఉంటుంది, జాతి ఉంటుంది. ఆవు చెవికి 12 అంకెల ట్యాగు ఉంటుంది. ఏ ఆవుకి ఏ ఎద్దు వీర్యం వేశానో రిజిస్టరులో రాస్తాను, ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాను. ఇవన్నీ లేకపోయినా జెర్సీ దూడ పుడితే రైతు కంటితో చూసి పట్టేస్తాడు. మూపురం తగ్గిపోతుంది, గంగడోలు కురచవుతుంది, రంగు మారుతుంది. దాన్ని ఒంగోలు దూడ అని సంతలో ఎవరికీ అంటగట్టలేవు. పాల కోసం చేయించుకున్నాడు, పాలు పితుక్కుంటాడు. కోడెదూడ పుడితే మాత్రం దుక్కికీ బండికీ పనికిరాదని గొణుక్కుంటాడు.

అలాగని ఆవుల విషయంలో అంతా సవ్యంగా జరిగిందని నేను చెప్పను. ఒంగోలు జాతి పుట్టిన పల్లెల్లోనే ఇవాళ స్వచ్ఛమైన కాడి ఎడ్లు కావాలంటే వెతుక్కోవాలి. చదలవాడలో ప్రభుత్వం పశు క్షేత్రం పెట్టి ఆ జాతిని నిలబెట్టుకోవాల్సిన పరిస్థితి. కాబట్టి "ఆవుకి చేస్తున్నారుగా" అనే వాదన నీకు నువ్వు అనుకున్నంత బలం ఇవ్వదు. అక్కడ జరిగిన నష్టం ఇంకా పూడలేదు. అయినా అక్కడ ఒకటి మిగిలింది, అదే రికార్డు. మన పశువులే బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అనే పేరుతో అక్కడి మాంసం మందల్లో సింహభాగం అయ్యాయి. 1960లలో ఒంగోలు పక్కన కరవది ఊరి నుంచి వెళ్ళిన ఎద్దు 'కర్వాది' పేరుతోనే అక్కడి వంశావళిలో నిలిచిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఫలానా దూడ ఆ ఎద్దు వంశంలోదేనని కాగితం చూపిస్తారు.

ఇప్పుడు నీ ఆడదాని తండ్రి ఎవరో చెప్పు. తల్లి ఏ దేశం నుంచి వచ్చింది? నీకు తెలియదు. నా దానికి నాకూ తెలియదు. డబ్బా మీద మార్కరు పెన్నుతో రాసిన పేరే మన సాలీళ్ళకి చెవి ట్యాగూ, రిజిస్టరూ, వంశావళీ. ఆ పేరు అబద్ధమైతే మరి సరిచూసుకోవడానికి ఇంకేమీ లేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. రెండు జాతులు కలవడం దానంతటదే మహాపాపం అని నేను అనుకోను. వాటి పిల్లలు ఏ పేరుతో ఎవరి ఇంటికి చేరతాయన్నదే నాకు బాధ.

నెల్లూరులో నాకు తెలిసిన ఒకాయన సరిగ్గా నువ్వు చేసిన పనే చేశాడు. అవే రెండు జాతులు. ఆయన చెడ్డవాడు కాదు, సాలీళ్ళంటే ప్రాణం. "ఊరికే చూద్దామబ్బయా" అన్నాడు, నీలాగే. ఆడది గుడ్ల సంచి కట్టింది, దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పుకుంటూ కూర్చుంది. అప్పటిదాకా బాగానే ఉంది. తర్వాత సంచి విప్పితే వందల్లో పిల్లలు. ఈ జాతుల్లో అది మామూలే, రెండు మూడు పిల్లలతో తేలిపోయే వ్యవహారం కాదు. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి దేని డబ్బా దానికి కావాలి. ఆయన మందుల షాపులో చిన్న ప్లాస్టిక్ డబ్బాలు మొత్తంగా కొన్నాడు, మూతలకి సూదితో బెజ్జాలు పెట్టాడు. పిల్లలు కందిగింజ కన్నా చిన్నవి. వాటికి తిండి పెట్టాలంటే బొద్దింక పిల్లల్ని ముక్కలు చేసి ఒక్కో డబ్బాలో వేయాలి, తినగా మిగిలింది మర్నాడు తీసేయాలి, లేకపోతే బూజు పడుతుంది. అది రోహిణి కార్తె. నెల్లూరు ఎండ సంగతి నీకు నేను చెప్పాలా? ఒక మూల తడి ఆరిపోయి కొన్ని పోయాయి, నీళ్ళు ఎక్కువై కొన్ని పోయాయి. ఇంట్లో గొడవ మొదలైంది. వదిన సగం డైనింగ్ టేబులు తిరిగి ఇవ్వమంది. న్యాయమే కదా.

అప్పుడు ఆయన ఏం చేశాడంటే, అందరూ చేసేదే చేశాడు. తీసుకునేవాళ్ళకి ఇచ్చేశాడు. మొదట్లో "ఇవి సంకరం, జాగ్రత్త" అని చెప్పి ఇచ్చాడు. అలా చెబితే ఎవరూ తీసుకోవట్లేదని తర్వాత "కర్లీ హెయిర్" అని ఇచ్చాడు. తీసుకున్నవాళ్ళు ఇంకొకరికి ఇచ్చారు. కొంతకాలానికి గుంటూరు నుంచి ఒక కుర్రాడు నాకు ఫోటో పంపాడు. "అన్నా, నా కర్లీ హెయిర్‌కి వెంట్రుకలు సరిగ్గా చుట్టుకోవట్లేదు, పొట్ట మీద ఎర్ర వెంట్రుకలు ఎక్కువగా ఉన్నాయి, జబ్బేమైనా చేసిందా?" అని. జబ్బు కాదు. వివరాలు అడుగుతూ వెనక్కి వెళ్తే నెల్లూరు డైనింగ్ టేబులు దగ్గర తేలింది. ఆ కుర్రాడు దాన్ని ఆడదని తెలుసుకుని మగదాని కోసం వెతుకుతున్నాడు. స్వచ్ఛమైన జాతి అనుకుని. ఆపమని చెప్పాను, విన్నాడు. మిగతావన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో నెల్లూరాయనకే తెలియదు.

చిన్నప్పుడు ఈ పిల్లల్ని చూసి ఏ జాతో చెప్పడం దాదాపు అసాధ్యం. పెరిగాక కూడా పేరున్న శాస్త్రజ్ఞులే తడబడిన జంతువులివి. మెక్సికన్ రెడ్‌నీ అనే ఎర్ర మోకాళ్ళ సాలీడు సంగతే తీసుకో, టరాంటులా అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. 2017లో మెండోజా, ఫ్రాంకే అనే ఇద్దరు మెక్సికో శాస్త్రజ్ఞులు ఆ గుంపుని మళ్ళీ పరిశీలించారు. పెంపకందారులు ఏళ్ళ తరబడి స్మితి అని పిలుచుకుంటున్నవాటిలో చాలా వరకు హమోరీ అనే వేరే జాతి అని అప్పుడు తేలింది. అంటే అంతకు ముందు రెండింటినీ ఒకే జాతి అనుకుని, మంచి ఉద్దేశంతోనే జత కలిపినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో. తెలియక జరిగిన కలగాపులగమే ఇంత ఉంటే, తెలిసి తెలిసి ఇంకొంచెం కలపడం ఎందుకు? నీ కర్లీ హెయిర్ సంగతీ అంతే. హాబీలో పాతకాలం నుంచి తిరుగుతున్న కర్లీ హెయిర్ వేరుగా, నికరాగ్వా నుంచి తెచ్చినవాటి సంతతి వేరుగా లెక్కపెట్టుకునేవాళ్ళు ఉన్నారు. పాత వాటిలో ఎప్పుడో రెడ్ రంప్ రక్తం కలిసిందని చాలామంది అనుమానం. అనుమానం తీరే దారి లేదు, అప్పట్లో ఎవరూ రాసిపెట్టుకోలేదుగా.

"ప్రకృతిలో కూడా కలుస్తాయి కదా" అని గ్రూపులో నీ తరఫున ఎవరో వాదించారట. కొన్ని చోట్ల కొన్ని జాతులు కలుస్తాయేమో, నేను కాదనను. కానీ రెడ్ రంప్ మెక్సికో, బెలీజ్, గ్వాటెమాల వైపు జీవి. కర్లీ హెయిర్ దానికి దక్షిణాన హోండురాస్ నుంచి కోస్టారికా దాకా ఉండేది. వాటిని ఒక డబ్బాలో పెట్టింది నువ్వు. పైగా ప్రకృతిలో కలిసినవాటిని ఎవరూ తప్పుడు పేరుతో అమ్మరు.

ఇంకో వాదన ఉంది, అది కొంచెం గట్టిది. "ఇంట్లో పెంచేవి ఎలాగూ అడవికి తిరిగి వెళ్ళవు. వాటి రక్తం స్వచ్ఛంగా ఉంటే ఎవరికి లాభం, లేకపోతే ఎవరికి నష్టం?" అని. పెంపకంలో ఉన్నవాటిని తీసుకెళ్ళి అడవిలో వదలడం జబ్బుల దగ్గర్నుంచి సవాలక్ష కారణాల వల్ల మంచిది కాదన్నది నిజమే. కానీ అవి ఎప్పటికీ గోడ దాటవనే నమ్మకం నాకు లేదు. నీ ఫ్రెండ్ దగ్గరున్న రెడ్ రంప్ జాతే అమెరికాలో ఫ్లోరిడా నారింజ తోటల్లో కాపురం పెట్టేసింది. అది అక్కడి జీవి కాదు, పెంపుడు వ్యాపారం వల్లే చేరి ఉంటుందని అనుకుంటారు. కావలి వాతావరణం దానికి నచ్చదని గ్యారంటీ ఏముంది?

గిద్దలూరు వాడిని కాబట్టి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ప్రపంచం మొత్తం మీద టరాంటులా పెంచేవాళ్ళు ఎగబడి కొనే నీలిరంగు సాలీడు, పోసిలోథీరియా మెటాలికా, మా కొండల్లోదే. 1899లో పోకాక్ అనే ఆయన దానికి పేరు పెట్టింది గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన దాన్ని చూసి. కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుంది పాపం, దాని అసలు ఇల్లు గుత్తి కాదు. ఆ తర్వాత వందేళ్ళ దాకా దాని జాడ లేదు. 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య నల్లమల అడవిలో మళ్ళీ కనిపించింది. వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని ముక్కలోనే, పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది. కట్టెల కోసం, కలప కోసం ఆ చెట్లు కొడుతున్నారు. 2008లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. 2019లో పోసిలోథీరియా గణం మొత్తాన్ని సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో పెట్టారు. ఈలోపే యూరప్‌లో, అమెరికాలో వేలల్లో పిల్లలు పుట్టి డబ్బాల్లో అమ్ముడుపోతున్నాయి. అవన్నీ మా అడవి నుంచి దొంగచాటుగా పోయినవాటి సంతతేనన్న ఆరోపణ చాలాకాలంగా ఉంది.

ఆ గణంలో కూడా జాతుల మధ్య సంకరాలు చేసినవాళ్ళు ఉన్నారు. వాటి పిల్లల రంగు ఎలా మారుతుందో చెప్పలేం. కొత్త రంగు అని ధర పెట్టి అమ్ముకోవడానికి బాగానే ఉంటుంది. కానీ నల్లమలలో ఆ కాస్త అడవికి రేపు ఏమైనా అయితే, ప్రపంచంలో మిగిలేది ఆ డబ్బాల్లో ఉన్నదే. అప్పుడు "ఇందులో ఏది నిజంగా గిద్దలూరు సాలీడు?" అంటే ఎవరు చెప్పాలి? అడవికి పంపకపోయినా సరే, దాన్ని అర్థం చేసుకోవడానికి, విషం మీదో రంగు మీదో పరిశోధన చేయడానికి కల్తీ లేని జంతువు కావాలి. ఇక్కడ ఇంకో విషయం. "నీలం సాలీడు ఒకటి పట్టిస్తావా, ఎంతైనా ఇస్తారు" అని బయట ఊళ్ళవాళ్ళు మా వైపు పశువులు కాచుకునే పిల్లల్ని అడిగిన సందర్భాలు నాకు తెలుసు. పట్టుకోవడం నేరం అన్నది ఒకటైతే, దాని కాటుకి కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపడినవాళ్ళు ఉన్నారన్నది ఇంకొకటి. ఎవరైనా నిన్ను ఆ బేరంలోకి లాగితే దూరంగా ఉండు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. నీ రెండు జాతులూ ఇదివరకు బ్రాకీపెల్మా గణంలో ఉండేవి, 2020 ప్రాంతంలో ట్లిల్టోకాట్ల్ అనే గణంలోకి మార్చారు. పేరు మారినా సైటీస్ రెండో అనుబంధంలోనే ఉన్నాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ జంతువులు నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరి చివర్లో నియమాలు వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవడానికి ఆరు నెలలు గడువిచ్చారు. ఉన్నవాటినే కాదు, పుట్టినవాటిని, చచ్చినవాటిని, చేతులు మారినవాటిని కూడా తెలపాలి. నా దాన్ని నేను 2020లో స్వచ్ఛందంగా ప్రకటించమన్నప్పుడే ప్రకటించాను, తర్వాత మళ్ళీ నమోదు చేయించాను. నీది చేయించావో లేదో నువ్వు చెప్పలేదు. చేయించకపోతే సంకరం గురించి కాదు, ముందు దీని గురించి టెన్షన్ పడాలి. అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళి అడుగు. సంకరం కదా, ఇది ఏ జాతీ కాదు కాబట్టి ఏ లిస్టులోకీ రాదని తప్పించుకుందామంటే కుదరదు. తాత ముత్తాతల్లో లిస్టులో ఉన్న జాతి ఒకటున్నా సైటీస్ దాన్ని అసలు జాతి కిందే లెక్కేస్తుంది.

సాలీళ్ళకి బాధ ఉంటుందా, సంకరం పిల్లలు జబ్బుతో పుడతాయా అని గ్రూపులో పెద్ద చర్చే నడిచినట్టుంది. నా మట్టుకు నాకు అది అసలు సమస్య కాదు. నెల్లూరు పిల్లల్లో చాలా మటుకు దిట్టంగానే పెరిగాయి. గొడ్డువి అవుతాయన్న నమ్మకం కూడా పెట్టుకోకు. ఆరోగ్యంగా ఉండి, పిల్లల్ని కనగలిగితేనే గొడవ ఇంకో తరానికి పాకుతుంది. ఆడవి ఇరవై ఏళ్ళ పైచిలుకు బతుకుతాయి. ఇవాళ నువ్వు ఎవరికో ఇచ్చిన పిల్ల, నీకు పెళ్ళై పిల్లలు పుట్టి వాళ్ళు కాలేజీకి వెళ్ళే నాటికి కూడా ఎవరి ఇంట్లోనో తప్పుడు పేరుతో ఉంటుంది.

ఇక నువ్వు చేయాల్సింది. ఒకసారి జత కలిసినంత మాత్రాన గుడ్లు పెట్టి తీరుతుందని లేదు. మగదాని వీర్యాన్ని ఆడది లోపలి సంచుల్లో దాచుకుంటుంది, వారాలకో నెలలకో గానీ గుడ్లు పెట్టదు. ఈలోపు అది కుబుసం విడిస్తే ఆ సంచుల పొర కూడా కుబుసంతో పాటే ఊడి వచ్చేస్తుంది, దాచుకున్న వీర్యం పోతుంది. అక్కడితో కథ అయిపోయినట్టే. ఆ మగదాన్ని మాత్రం మళ్ళీ దాని దగ్గరికి చేర్చకు. ఎదిగిన మగవి ఎలాగూ ఎంతో కాలం బతకవు, ఫ్రెండ్‌కి తిరిగి ఇచ్చెయ్.

గుడ్ల సంచి కడితే మాత్రం తీసెయ్. ఆలస్యం చేయకుండా, కట్టిన మొదటి రోజుల్లోనే తీసి ఫ్రీజర్‌లో పెట్టు. అప్పటికి లోపల ఉన్నవి గుడ్లే, కాళ్ళొచ్చిన పిల్లలు కావు. "ప్రాణం తీయడం కాదా" అంటావేమో. వందల పిల్లల్ని పుట్టించి, డబ్బాల్లో ఎండబెట్టి చంపడం కన్నా ఇది మేలని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, వాళ్ళ లెక్క వాళ్ళది. తీసేటప్పుడు కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకో. సంచి కోసం అది మీదికి రావచ్చు, పొట్ట మీది వెంట్రుకలు ఎగజిమ్మితే కంట్లో పడి చాలా ఇబ్బంది పెడతాయి. పొడవాటి పట్టకారు ఒక చేత్తో, దాన్ని అడ్డుకోవడానికి ప్లాస్టిక్ కప్పు ఇంకో చేత్తో పట్టుకుంటే పని సులువవుతుంది.

మనసొప్పక పిల్లల్ని పెంచాలనే అనుకుంటే, పెంచగలిగినన్నే ఉంచుకో. ప్రతి డబ్బా మీద తల్లిదండ్రులిద్దరి పేర్లూ, పుట్టిన తేదీ రాయి. ఒక్కటి కూడా ఇంటి గడప దాటకూడదు. డబ్బులకే కాదు, ఊరికే కూడా ఎవరికీ ఇవ్వకు. నెల్లూరాయన కూడా మొదట ఊరికే ఇచ్చాడు.

కుబుసం విడిచిందనుకో, దాన్ని పారేయకు. పొట్ట భాగం ఎండిపోకముందే నీళ్ళలో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి నానబెట్టి, మెల్లగా విప్పి, లోపలి వైపు వెలుతురులో ఫోటో తీసి ఇక్కడ పెట్టు. నువ్వు కర్లీ హెయిర్ అంటున్నది అసలు కర్లీ హెయిరేనా అన్నది కూడా చూడాల్సిన విషయమే. పై నుంచి తీసిన ఫోటో ఒకటి, కాళ్ళ మీది వెంట్రుకలు దగ్గరగా కనిపించేది ఇంకొకటి కూడా పెడితే తెలిసినవాళ్ళెవరైనా చెబుతారు.